పద్మ అడిగిన మాత్రలు

ఏళ్ల తరబడి ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. అదే మేలు. తెలిసినవాళ్ల ముఖం చూస్తూ చెప్పగలిగిన మాటైతే ఎప్పుడో చెప్పేదాన్ని.

నెల్లూరు దగ్గరి ఊరినుంచి పాండిచ్చేరి ముత్తియాల్‌పేటకు కోడలిగా వచ్చాను. మా ఆయనది సేదరపేట్‌లో ఫ్యాక్టరీ పని. ఇంట్లో అత్త, ఆడబిడ్డ పద్మ, మేమిద్దరం. పద్మది నా ఈడే. ముందుగదిలో మిషను కుట్టేది. మేమిద్దరం ఒకే పళ్లెంలో తిన్న రోజులున్నాయి.

పెళ్లయిన కొన్నాళ్లకు నాకు కడుపులో మంట మొదలైంది. ఈ ఇంట్లో దాన్ని ఎరిచ్చల్ అంటారు. పద్మకు అది అంతకు ముందునుంచే ఉంది. సోడా తాగి సరిపెట్టుకునేది. నేను మాత్రం ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాను. కడుపులో క్రిమి చేరి పుండు పడిందన్నాడు. భయపడొద్దు, మన దగ్గర చాలామందికి ఉంటుంది, ఒకే ఇంట్లో ఒకరినుంచి ఒకరికి అంటుకుంటుంది అన్నాడు. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా మంట ఉంటే తప్పకుండా తీసుకురమ్మన్నాడు.

ఆ మాట నేను ఇంటికి తేలేదు.

ఎందుకు? అత్తంటే భయం. కామెర్లొచ్చిన పొరుగామె మజ్జిగ తాగి వెళితే, ఆ గ్లాసును అత్త కాలువలో పారేయడం నా కళ్లతో చూశాను. రోగం తెచ్చిన కోడలని నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వదనుకున్నాను. అప్పటికి ఆ ఇంట్లో నాదంటూ ఉన్న చోటు వంటిల్లొక్కటే. భయం నిజమే. కానీ పద్మ అత్త కాదు కదా? పద్మ చెవిలో చెప్పడానికి ఏమడ్డం?

మాత్రలు బియ్యం డబ్బా వెనక దాచేదాన్ని. ఒక మధ్యాహ్నం పద్మ చూసింది.

"అదేంది వదినా?"

"సత్తువ మాత్రలు. ఒంట్లో రక్తం తక్కువుందన్నారు."

"నీ ఎరిచ్చల్ నిలిచిపోయిందే! వీటితోనేనా? యాడ కొన్నావో చెప్పు, నేనూ తింటా."

"వీటితో కాదులే. కారం తగ్గించా. నువ్వూ తగ్గించి చూడు."

నమ్మింది. ఆవకాయంటే ప్రాణం పెట్టే మనిషి, ఆ రోజునుంచి దాన్ని ముట్టలేదు.

తర్వాత పద్మకు మురుంగపాక్కంలో పెళ్లయింది. అత్త పోయింది. ఇక నేను ఎవరికి భయపడాలి? అయినా చెప్పలేదు. పండక్కి వచ్చిన ప్రతిసారీ పద్మ ఇంకొంచెం చిక్కిపోయి కనిపించేది. గ్యాస్ మాత్రలు నమిలేది. ఇప్పుడు చెబితే, అప్పుడెందుకు చెప్పలేదని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నకు జడిసి ఏళ్లు గడిపేశాను. నిజంగా అంతేనా? అంతే. ఇంతకన్నా పెద్ద కారణం వెతికాను, దొరకలేదు.

చివరికి పద్మ నెత్తురు కక్కుకుంటే ఆసుపత్రిలో చేర్చారు. కడుపులో కేన్సర్, ముదిరిపోయింది అన్నారు. వదిన చేతి రసమే కావాలని అడిగింది. తీసుకెళ్లాను. రెండు చెంచాలు కూడా నిలవలేదు. నా చీర మీద పడిందని, ఆ స్థితిలోనూ నన్నే చూసి నొచ్చుకుంది. నెల తిరక్కుండానే పోయింది.

ముందే మందు వేసి ఉంటే బతికేదా అని ఒక డాక్టరును అడిగాను, ఎవరి సంగతో చెప్పకుండా. చెప్పలేమమ్మా అన్నాడు. క్రిమి చాలామందికి ఉంటుంది, కొద్దిమందికే ఇలా కేన్సర్‌గా ముదురుతుంది అన్నాడు. ఆ జవాబు నన్ను చంపలేదు, వదల్లేదు.

మా అమ్మాయి నర్సింగ్ చదువుతోంది. క్లాసులో మాట్లాడాల్సింది మొన్న నా ముందు చెప్పి చూసుకుంది. భూమికి ఉత్తరపు కొసన, మంచు ప్రాంతాల్లో తరతరాలుగా బతికే ఆదివాసీల్లో ఎక్కువమంది కడుపుల్లో ఈ క్రిమే ఉంటుందట. ఇరుకిళ్లు, నిండా జనం, శుభ్రమైన నీళ్లకు కటకట. మందు వాడినా కొందరికి మళ్లీ వస్తుందట. కడుపు కేన్సర్లూ అక్కడ ఎక్కువేనట. ఒకచోట ఊరివాళ్లే దిగులుపడి, మమ్మల్ని పరీక్ష చేయండని డాక్టర్లను అడిగారట. ఒక ఊరు ఊరంతా నోరు విప్పింది. నేను ఒక్క మనిషికి చెప్పలేకపోయాను.

"పద్మత్తకి కూడా ఇదే ఉండిందేమో అమ్మా. మనింట్లో ఎవురికీ తెలీలేదు గదా," అంది అమ్మాయి.

నేను బీన్స్ తరుగుతూ ఉండిపోయాను.

తెలుసు. నాకు తెలుసు. పద్మ అడిగింది కూడా.

ఈ ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడతారు, చదవడం నాకు తప్ప ఎవరికీ రాదు. వాళ్లది అరవ చదువు, ఇంగ్లీషు చదువు. ఈ కాగితాన్ని బల్ల మీద వదిలేసినా ఎవరికీ ఏమీ తెలియదు. అంటే నేనింకా దాస్తూనే ఉన్నానన్నమాట. అదీ ఒప్పుకుంటున్నాను. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సిన మనిషి లేదు. రాయడం మాత్రం అయింది. చాలా కాలానికి ఈ పూట నా గొంతులో అన్నం ముద్ద అడ్డం లేకుండా దిగింది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.