ఫోర్‌మేన్ మావయ్య మెడలో ‘టక్’

చేతిలో కొత్త డిగ్రీ, ఒంటి మీద ఇస్త్రీ నలగని తెల్లకోటు ఉన్న వయసులో, లోకంలో మెడలన్నీ మన కోసమే పట్టేశాయని అనిపిస్తుంది. నాకైతే అలాగే అనిపించేది. ఆ రోజుల్లో నేను కూర్మన్నపాలెంలో ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో ట్రయల్ మీద చేరాను. క్లినిక్ అంటే పెద్దగా ఊహించుకోకండి. కింద మందుల షాపు, పైన మూడు మంచాలు, మధ్యలో పచ్చ కర్టెన్లు (అందులో ఒకటి మా మేడమ్ గారి పాత చీర అని తర్వాత తెలిసింది). మేడమ్ మొదటి రోజే తేల్చి చెప్పేశారు. “నీ పని ఎలా ఉందో నేను చెప్పనమ్మా, పేషెంట్లే చెప్తారు. వాళ్లు మళ్లీ వస్తే నువ్వుంటావు. రాకపోతే నీ దారి నువ్వు చూసుకో.” ఇంట్లో అప్పటికే అమ్మ చర్చిలో అందరికీ ‘మా అమ్మాయి డాక్టరు’ అని చెప్పుకుని తిరుగుతోంది. ఉద్యోగం పోతే ఏ మొహం పెట్టుకుని ఆదివారం చర్చికి వెళ్లడం?

మెడనొప్పికి చేత్తో చేసే వైద్యాలు కాలేజీలో మాకు చాలా నేర్పారు. బిగుసుకున్న కండను బొటనవేలితో నొక్కిపట్టి వదలడం ఒకటి. కీళ్లను కొద్దికొద్దిగా కదిలించడం ఇంకొకటి. తలను రెండు అరచేతుల్లోకి తీసుకుని మెల్లగా లాగి పట్టుకోవడం మరొకటి. ఇక ఒక్క కుదుపుతో ‘టక్’ మనిపించే పద్ధతి కూడా ఉంది గానీ, అది అందరికీ పనికిరాదనీ, ముందు సవాలక్ష చూసుకోవాలనీ మా మాస్టారు భయపెట్టి మరీ చెప్పారు. మా పేషెంట్ల లెక్కలో మాత్రం ఆ చివరిదే వైద్యం, మిగిలినవన్నీ నిమరడం. ఎదురుగా ఉన్న సెలూన్ అతను క్షవరం అయ్యాక, నెత్తి మీద నాలుగు దరువులు వేసి, గడ్డం పట్టుకుని అటొక టక్కు, ఇటొక టక్కు ఊరికే ఇచ్చేవాడు. జనం ఆ రుచి మరిగారు. పైగా అందులో సగం మంది స్టీల్ ప్లాంటు వాళ్లు. పట్టేసిన బోల్టు చప్పుడు చెయ్యకుండా ఊడదని వాళ్ల అనుభవం. నేను చెమటలు కక్కుకుంటూ పని చేసి ‘లేవండి’ అంటే, “అయిపోయిందేటి? సప్పుడు రానేదు కదమ్మా!” అని జాలిగా చూసి వెళ్లిపోయేవారు. మళ్లీ వస్తే ఒట్టు. మేడమ్ ఖాళీ మంచం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసేవారు. తిట్టినా బాగుండేది.

సరిగ్గా అప్పుడే దిగబడ్డారు ఫోర్‌మేన్ మావయ్య. నిజానికి మాకు చుట్టం కాదు. ప్లాంటు రోలింగ్ మిల్లులో రిటైరైన ఫోర్‌మేన్, మా చర్చిలో సంఘపెద్ద. పిల్లల్ని ఏ స్కూల్లో వెయ్యాలో, ఏ గ్యాస్ పొయ్యి కొనాలో కూడా కాలనీ అంతా ఆయన్నే అడుగుతుంది. అలాంటి మనిషి తల కుడిభుజం మీదికి వాలిపోయి, ఏదో రహస్యం వింటున్నట్టుగా లోపలికొచ్చారు. వెనకాల చేతిలో గొడుగుతో అత్తయ్య. శనివారం వాళ్లమ్మాయి పెళ్లి. తండ్రి కూతురి చెయ్యి పట్టుకుని చర్చి మధ్యదారిలో నడవాలి. అటూ ఇటూ ఉన్న బంధువులందరికీ తలపంకించి వందనాలు చెప్పాలి. ఈ అవతారంతో నడిస్తే అందరూ పెళ్లికూతుర్ని వదిలేసి ఈయన్నే చూస్తారు. మేడమ్ నన్ను పక్కకి పిలిచి, “ఈయన బాగయ్యాడంటే కాలనీ అంతా మన దగ్గరికే వస్తుంది. లేదంటే...” అని ఆపేశారు. ఆ ‘లేదంటే’ తర్వాత ఏముందో నాకు బాగానే అర్థమైంది.

“సూడమ్మా,” అన్నారు మావయ్య మంచం మీద కూర్చుంటూ, “నాను మిల్లులో ముసలోణ్ణైపోయినోణ్ణి. నాకు పాఠాలు సెప్పకు. గట్టిగా పట్టీసి, ఒక్కసారి టక్కుమనిపించీ. యెల్లిపోతాను. టెంటోడు ఎదురు సూత్తన్నాడు.”

తలెత్తి పైకి చూస్తే ఎలా ఉంటోందని అడిగాను. “కళ్లు తిరుగుతన్నాయి. అదేటి పెద్ద ఇసయం కాదులే,” అన్నారు. కళ్లు తిరిగే మనిషి మెడను కుదపకూడదు. ఎందుకు తిరుగుతున్నాయో ముందు పెద్ద డాక్టరుకు చూపించాలి. ఒక్క టక్కు కొడితే నా ఉద్యోగం నిలబడుతుంది, ఆ సంగతీ తెలుసు. మనసు లాగింది కూడా. చేతులు మాత్రం రానన్నాయి. “కుదపను మావయ్యా, మెల్లగానే చేస్తాను,” అన్నాను. నా గొంతు నాకే పిల్లికూతలా వినిపించింది. “మరెందుకు సదివించారమ్మా నిన్ను!” అని ఆయన లేచి సెలూన్ వైపు బయల్దేరారు. నా ఉద్యోగం ఆయన చెప్పులతో పాటే మెట్లు దిగిపోయిందనుకున్నాను.

నన్ను కాపాడింది అత్తయ్య. మెట్ల మీద గొడుగు అడ్డం పెట్టేసింది. “ఆ కుర్సీలో కూకున్నావంటే సూడు! పిల్ల పెళ్లికి నీకు మెడ నేకపోతే నానేటి సెప్పాల జనానికి? నడు లోపలికి!” మిల్లు మొత్తం వణికే ఫోర్‌మేన్ బుద్ధిగా వెనక్కి వచ్చారు. ఆవిడే ఆయన్ని పెద్ద డాక్టరు దగ్గరికీ లాక్కెళ్లింది. పరీక్షలు చేసి, భయపడాల్సిందేమీ లేదు, పెళ్లి పనుల్లో తిండీ నిద్రా మానేశారు, మెల్లగా చేయించుకోండి, కుదుపులు మాత్రం వద్దు అని డాక్టరు చెప్పి పంపారు. నేను ఎంత తేలికపడ్డానంటే, బాత్రూంలోకి వెళ్లి కాసేపు ఏడ్చి వచ్చాను.

మర్నాటి నుంచి రోజూ ఆయన తల నా అరచేతుల్లో. నొక్కడం, కదిలించడం, లాగి పట్టుకోవడం. ఆయన మాత్రం కళ్లు మూసుకుని, “ఏటీ, ఇంకా రానేదా?” అని బస్సు కోసం చూస్తున్నట్టు ఆ చప్పుడు కోసం అడిగేవారు. మెడ కాస్త కాస్త తిరుగుతోంది. అయినా ఒప్పుకుంటేనా! పెళ్లికి ముందురోజు మధ్యాహ్నం నా చేతుల్లోనే గుర్రు పెట్టి నిద్రపోయారు. అప్పుడు కరెంటు పోయింది. ఆయన తల దగ్గరే గోడకున్న ఇన్వర్టరు గట్టిగా ‘టక్’ మంది.

మావయ్య ఉలిక్కిపడి లేచి కూర్చున్నారు. తల కుడికి తిప్పారు. ఎడమకి తిప్పారు. మొహం వెలిగిపోయింది. పక్కన కూర్చున్న అత్తయ్యని పిలిచారు. “ఇన్నావేటే! టక్ మంది! అమ్మ దీని సెయ్యి బంగారం గానూ!”

“అది ఇన్వర్టరు మావయ్యా,” అన్నాను.

“నోర్ముయ్. మెడ నాదా, నీదా?”

శనివారం చర్చిలో కూతురి చెయ్యి పట్టుకుని ఆయన నడుస్తుంటే చూడాలి! కుడివైపు వందనం, ఎడమవైపు వందనం. నా బెంచీ దగ్గర ఆగిపోయి, తల పూర్తిగా తిప్పి నాకు చూపించారు. పెళ్లికూతురు పళ్లబిగువున “నాన్నా, నడు!” అంటోంది. పక్కన మా అమ్మ కళ్లు తుడుచుకుంటోంది. నాకు వారం రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి నిండుగా ఆడింది.

కానీ చూడండి నా తెలివి! భోజనాల దగ్గర బిర్యానీ ప్లేటు పట్టుకుని ఆయన వెంటపడ్డాను. తగ్గింది చప్పుడు వల్ల కాదనీ, అన్ని రోజులూ నేను మెల్లగా చేసిన పని వల్లనీ, మంచి నిద్ర కూడా సాయం చేసిందనీ బొమ్మ గీసినంత వివరంగా చెప్పాను. ఆయన ఎముక కొరుకుతూ అంతా విన్నారు. “నొప్పి పోయింది గదే. నీకింకేటి కావాల?” అన్నారు. తర్వాత పక్కనున్న నలుగురినీ పిలిచి, “ఇదిగో, టక్ మనిపించిన పిల్ల!” అని చూపించారు. సోమవారం మెట్ల మీద జనం. మేడమ్ ఉండిపొమ్మన్నారు. నేను మాత్రం వచ్చిన ప్రతివాళ్లకూ ‘నేను టక్ మనిపించను’ అని చెప్పడం, వాళ్లు ‘మాకు తెల్సులేమ్మా’ అని నవ్వడం.

ఇప్పుడు మద్దిలపాలెంలో నాకు సొంత క్లినిక్ గది ఉంది. నొప్పి తగ్గిన వాళ్లు ఆ పుణ్యం దేవుడికి ఇస్తారు, దిండుకు ఇస్తారు, మరదలు రాసిన నూనెకు ఇస్తారు. ఇవ్వనీ అంటాను. మెడ తిరిగిందా లేదా అన్నదే చూసుకుంటాను. కానీ అప్పుడప్పుడూ ఆ తెల్లకోటు పిల్ల గుర్తుకొస్తుంది. ఉద్యోగం దక్కి, మనిషి బాగుపడి, అమ్మ మురిసిపోతున్నా, ఘనత ఇన్వర్టరు కొట్టేసిందని పెళ్లి భోజనాల్లో ఏడుపు మొహం పెట్టుకుని నిలబడ్డ పిల్ల. ఒక్కసారి కనిపిస్తే బాగుండును. భుజం మీద చెయ్యేసి, “తినవే పిచ్చిదానా, చల్లారిపోతోంది,” అంటాను.