ఆలస్యంగా మోగే మధ్యాహ్నం గంట

మా వంటింటి కిటికీ తెరిస్తే ఎదురుగా సర్కారు బడి వెనక గోడ. గోడ అవతల ఏం జరుగుతుందో కనపడదు, వినపడుతుంది. భోజనాల గంట పన్నెండూముప్పావుకి టంచనుగా మోగుతుంది. పిల్లల్ని మళ్ళీ లోపలికి పిలిచే గంట ఒంటిగంటా పావుకి మోగాలి. మోగదు. ఒకరోజు ఒంటిగంటా ఇరవైకి, ఒకరోజు ఇరవై రెండుకి, ఒక్కోరోజు ఇంకా ఆలస్యంగా. పదకొండు రోజులు వరసగా క్యాలెండరు మీద రాసిపెట్టాను. ఒక్కరోజూ సరిగ్గా మోగలేదు.

నాకెందుకంత పట్టింపంటే, మా అక్క కూతురిని ఆరో తరగతిలో ఎక్కడ చేర్చాలో తేల్చవలసింది నేనే. అక్క పోయి ఎనిమిది నెలలైంది. బావ లారీ నడుపుతాడు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. పిల్ల మా ఇంటికొచ్చింది. చదువులో పర్వాలేదు. తిండి దగ్గరే వచ్చింది చిక్కంతా. ముద్ద నోట్లో పెట్టుకుని అలా చూస్తూ ఉండిపోతుంది. పాత బడిలో ఇది రెండు ముద్దలు తినేలోపు గంట కొట్టేసేవారు. డబ్బా పెట్టింది పెట్టినట్టు వెనక్కి వచ్చేది. కొన్నాళ్ళకి ఖాళీగా రావడం మొదలైతే సంబరపడ్డాను. దారిలో కాలవలో పారబోసి వస్తోందని తరవాత తెలిసింది. గౌన్లు ఒంటి మీద వేలాడుతున్నాయి. కొత్త బడిలోనూ ఇదే సాగితే పిల్ల మంచం పడుతుందని నా భయం.

మా ఆయనకి ఆ బడి ఇంటి పక్కనే ఉండటమే చాలు.

“గంట కొట్టే మనిషికే టైము తెలియని బడిలో పిల్లల్ని ఎవరు చూస్తారండీ? ఏ చెట్టు కిందో కునుకు తీస్తూ ఉంటుంది” అన్నాను.

“నీకు పాలవాడి మీదా అనుమానమే, పక్కింటి పిల్లి మీదా అనుమానమే.”

“పిల్లి సంగతి రుజువైంది కదా!”

ఆయన నవ్వి పేపరు అడ్డం పెట్టుకున్నారు.

పిల్లల్ని చేర్పించాలనుకునేవాళ్ళు వచ్చి బడి చూసుకోవచ్చని ఒక గురువారం పిలిచారు. పన్నెండున్నరకే వెళ్ళాను. గోడలకి కొత్త సున్నం. అది చూడగానే నాకు మొదటి అనుమానం. ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్ళుంటే నేనూ దుప్పటి మారుస్తాను.

మమ్మల్ని తిప్పి చూపించింది బడి ఆయమ్మ. అరవైకి దగ్గర పడిన మనిషి, సన్నగా చీపురుపుల్లలా ఉంది, నడక మాత్రం మమ్మల్ని పరుగెత్తించేలా. ముప్పై ఏళ్ళుగా అదే ఇనప పట్టా ముక్క మీద అదే సుత్తితో గంట కొడుతోంది కాబట్టి అందరికీ ఆమె గంటమ్మ. నా క్యాలెండరు నిండా ఉన్నది ఈవిడేనన్నమాట అని పైనుంచి కిందిదాకా చూశాను.

“మరుగుదొడ్ల తాళం ఎవరి దగ్గరుంటుంది ఆయమ్మా?” అని అడిగాను. తాళం వేసి పెట్టే బళ్ళు ఎన్ని లేవు!

“తాళమే లేదమ్మా. గడియ లోపలుంది. చూసొస్తారా, వెళ్ళొస్తారా?”

పక్కనున్న ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. నేను లోపలికి వెళ్ళి మూలలు కూడా చూశాను. శుభ్రంగానే ఉన్నాయి. నేల ఇంకా తడిగా ఉంది. ఇవాళ కడిగారన్నమాట, నిన్నటి సంగతేమిటి?

ఒంటిగంటా పావుకి పెద్ద టీచరమ్మ చేతి గడియారం చూసుకుంటూ వచ్చి గంటమ్మ పక్కన నిలబడింది. గంట టంగుమని మోగింది. ఒక్క నిమిషం తేడా లేదు! నాకు నవ్వొచ్చింది. చుట్టాలొచ్చిన రోజు మర్యాదలు ఇలాగే ఉంటాయి.

తరవాత ఆరో తరగతిలోకి తీసుకెళ్ళారు. నేను పాఠం వినలేదు, నోటు పుస్తకాలు చూశాను. మూడో వరసలో పిల్ల లెక్కల పుస్తకం మీద వేలిముద్రలంత నూనె మరకలు, ఇంకా ఆరలేదు. దాని పక్క పిల్లదీ అంతే. ఎంగిలి చేత్తో రాస్తున్నారు. చెయ్యి కడుక్కోవడం కూడా నేర్పరా?

వెళ్ళేముందు తలా ఒక కాగితం ఇచ్చి, గమనించినవి రాయమన్నారు. నా రాత కుదురుగా ఉండదు, అయినా కూడబలుక్కుని రెండు మాటలు రాశాను. ఒకటి, మామూలు రోజుల్లో మధ్యాహ్నం గంట ఆలస్యం, పదకొండు రోజుల లెక్క నా దగ్గరుంది. రెండు, పిల్లలు చెయ్యి కడుక్కోవడం లేదు. మడిచి పెట్టెలో వేసి, పెద్ద దొంగని పట్టించినట్టు ఇంటికొచ్చాను.

అంతటితో ఊరుకుంటే నేనెందుకవుతాను? మర్నాడు ఎవరూ పిలవకపోయినా ఒంటిగంటకి బడికి వెళ్ళాను. కునుకు తీస్తుండగా పట్టుకోవాలి.

గంటమ్మ మెలకువగానే ఉంది. ఇనప పట్టా కింద, సుత్తి ఒళ్ళో పెట్టుకుని పీట మీద కూర్చుంది. ఒంటిగంటా పావు దాటింది. ఆమె గడియారం వైపు చూడనే లేదు. చూపంతా కుళాయిల మీద. మూడు కుళాయిలున్నాయి, నీళ్ళు వచ్చేది ఒక్కదాంట్లోనే. ఎనిమిదో తరగతి వాళ్ళు ముందు, తరవాత ఏడు, చిట్టచివర ఆరు. వరసలో నిలబడ్డ చిన్నపిల్లలు ఇంకా నములుతూనే ఉన్నారు. ఆఖరి పిల్ల చెయ్యి కడిగి గౌనుకి తుడుచుకున్నాక గంటమ్మ లేచి సుత్తి ఎత్తింది. ఒంటిగంటా ఇరవై మూడు.

“నిన్న సరిగ్గా కొట్టావు, ఇవాళ ఎనిమిది నిమిషాలు ఆలస్యం. ఏం ఆయమ్మా, చూసేవాళ్ళుంటే ఒకలా, లేకపోతే ఒకలానా?” అన్నాను.

“అవునమ్మా” అంది, తడుముకోకుండా. “నిన్న పెద్ద టీచరమ్మగారు నెత్తిమీద నిలబడ్డారు, కొట్టక ఏం చెయ్యను? ఆరో క్లాసు పిల్లలు చెయ్యి కడగకుండానే పరిగెత్తారు. సగంమంది డబ్బాలు మూసేశారు.”

నోటు పుస్తకాల మీద నూనె మరకలు గుర్తొచ్చాయి.

“నేనూ ఈ బళ్ళోనే చదివానమ్మా, ఏడు దాకా. మా వరస ఎప్పుడూ చివరే. ఎంగిలి చేత్తో లెక్కలు రాస్తే మాస్టారు పుస్తకం చూపించి మరీ వేళ్ళ మీద కొట్టేవాడు. మా నాన్న పోయాక బడి మానేసి నాలుగిళ్ళలో అంట్లు తోమా, చివరికి ఈ సుత్తి చేతికొచ్చింది. ఇంకెవరి వేళ్ళ మీదా దెబ్బ పడకూడదనుకున్నా.” సుత్తి మేకుకి తగిలించింది. “ఇంకెన్నాళ్ళులే! ఎవరో మహాతల్లి కాగితం మీద రాసిందంట, గంట ఆలస్యమని. పదకొండు రోజుల లెక్కంట! సోమవారం కరెంటు గంట బిగిస్తారు.”

మా పిల్ల కోసమే పుట్టినట్టున్న ఆ ఎనిమిది నిమిషాలని నా చేత్తో నేనే తీసేశాను.

“రాసింది నేనే” అన్నాను.

“తెలుసమ్మా. పొద్దున్నించీ అనుకుంటున్నా. బడి గంట విని గోడ గడియారం చూసుకునే తీరిక గోడవతల మీ వంటింట్లోనేగా ఉండేది.”

కోపంగా అనుంటే బాగుండేది. నవ్వుతూ అంది.

నేరుగా పెద్ద టీచరమ్మ గదిలోకి వెళ్ళి, ఇంకో కాగితం ఇవ్వమన్నాను.

“నిన్న ఆలస్యం తప్పన్నారు. ఇవాళ ఆలస్యమే కావాలంటున్నారు. మిమ్మల్ని ఎవరైనా పంపారా?” అని నన్ను ఎగాదిగా చూసింది. నాలాంటి మనిషే దొరికింది నాకు.

“ఎవరూ పంపలేదు మేడమ్. మా పిల్లకి తల్లి లేదు. ముద్ద దిగడానికి టైము పడుతుంది. మీ బడిలో దానికి సరిపోయేది నాకు కనపడింది ఆ గంటొక్కటే. ఒక్కసారి కుళాయి దగ్గరికి రండి.”

వచ్చింది. నీళ్ళు రాని కుళాయిలు రెండూ తిప్పి చూసింది. ఎండిపోయిన తొట్టి చూసింది. గంటమ్మ వైపు తిరిగి, “నాతో ఒక్క మాట చెప్పచ్చుగా ఇన్నేళ్ళూ?” అంది.

“చెబితే కాగితం మీద పెట్టమంటారు. కాగితం మీద పెడితే పైవాళ్ళు కుదరదంటారు” అంది గంటమ్మ.

పెద్ద టీచరమ్మ తన గదిలోకి వెళ్ళిపోయింది. మంగళవారం ఆఫీసు గుమాస్తాని అడిగి తెలుసుకున్నాను. కరెంటు గంట బిగించారు, పొద్దునకీ సాయంత్రానికీ మాత్రమే. మధ్యాహ్నం గంట సుత్తిదే. కుళాయిలు బాగుచేయిస్తామన్నారట. అన్నారు కదా అని నేను నమ్మేశానని కాదు.

అయినా పిల్లని చేర్చాను. మొదటిరోజు పొయ్యి కట్టేసి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఒంటిగంటా పావు. చప్పుడు లేదు. ఇరవై. ఇరవై మూడు. ఇరవై ఆరుకి మోగింది సుత్తి గంట. అప్పుడు మళ్ళీ పొయ్యి వెలిగించాను.

సాయంత్రం డబ్బా ఖాళీగా వచ్చింది. మూత తీసి వాసన చూశాను. పిల్ల చెప్పుల అడుగు కూడా చూశాను, కాలవ బురద ఉందేమోనని. లేదు.

“ఎవరికి పెట్టేశావే?”

“నేనే తిన్నాను పిన్నీ. రెండు ముద్దలు మిగిలితే లేచిపోబోయాను. ఆ గంట కొట్టే అమ్మమ్మ సుత్తి ఒళ్ళో పెట్టుకుని నావైపే చూస్తూ కూర్చుంది. నేను కడుక్కునేదాకా లేవలేదు.”

డబ్బా తోమి బోర్లించి, క్యాలెండరు మీద ఆవేళ గడిలో ఒంటిగంటా ఇరవై ఆరు అని రాసుకున్నాను. రేపు ఎంతకి మోగుతుందో చూడాలి.