పెదనాన్న రెండోసారి రిటైరైన ఉదయం

కెమెరా మెడలో వేలాడితే చాలు, ఫొటోగ్రాఫర్ అయిపోయినట్టేనని నేను మనస్ఫూర్తిగా నమ్మిన రోజులవి. నాకప్పుడు ఇరవై ఏళ్లు. భిలాయి క్యాంప్ 1లో మా ఇల్లు, అదే సందులో రెండు గుమ్మాల అవతల పెదనాన్న ఇల్లు. రాయ్‌పూర్‌లో ఉండే మేనత్త కొడుకు కొత్త కెమెరా కొనుక్కుని పాతది నాకిచ్చేశాడు. దాంతోపాటు కొబ్బరికాయంత లెన్సు కూడా. ఇక నేను కాలేజీ పుస్తకం ముడితే ఒట్టు. నెలరోజులు ఫోన్లో వీడియోలు చూసి, ముందున్నది స్పష్టంగా, వెనకాలున్నదంతా మబ్బులా కరిగిపోయేలా తీయడమే ఫొటోగ్రఫీ అని తేల్చేసుకున్నాను. కూరగాయల బండి వెనక మబ్బు, వీధి ఆవు వెనక మబ్బు, ఆరేసిన దుప్పట్ల వెనక మబ్బు. ("మన ఇల్లెక్కడే ఇందులో?" అని అమ్మ అడిగితే "అదే ఆర్టు" అన్నాను. అమ్మ ఇంకేమీ అడగలేదు. నా మీద ఆశ వదులుకున్నప్పుడు ఆవిడ అలాగే ఊరుకుంటుంది.)

సరిగ్గా ఆ సమయంలోనే పెదనాన్న రిటైర్మెంటు వచ్చింది. శ్రీకాకుళం నుంచి కుర్రవాడిగా వచ్చి, ఉక్కు ప్లాంటులో రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో ముప్పై ఏడేళ్లు పనిచేసిన మనిషి. ఇంట్లో ఆయనవి నాలుగే ఫొటోలున్నాయి. నాలుగింటిలోనూ పోలీసుల ముందు నిలబడ్డవాడిలా ఉంటాడు. పెళ్లి ఫొటోలో అయితే మరీను. పెద్దమ్మకి ఒకటే కోరిక. ఆఖరి రోజు ఆయన గేటు దాటి బయటికి వస్తుంటే ఒక మంచి ఫొటో తీయించి ముందుగదిలో పెట్టుకోవాలని. అందుకు మా సందు చివరి స్టూడియో మావయ్యని పిలుద్దామనుకుంది కూడా. నేనే అడ్డుపడ్డాను. "ఆయనదంతా పాత పద్ధతి పెద్దమ్మా. వెనకాల నీలం తెర కడితే తప్ప ఆయనకి ఫొటో రాదు. నేను లేనా?" అన్నాను. పెద్దమ్మ నా కెమెరాని, నన్ను మార్చి మార్చి చూసి, "సరే, నువ్వే తీయే. ఒక్కటి సరిగ్గా వస్తే సాలు నాకు" అంది.

ఆ రోజు సాయంత్రం అయిదింటికి గేటు ఎదురుగా రోడ్డు ఇవతల మేమంతా దండలతో, బాజావాళ్లతో సిద్ధంగా ఉన్నాం. గేటు వెనక సూర్యుడు దిగుతున్నాడు. పొగగొట్టాలు, నారింజరంగు ఆకాశం, నాకైతే పూనకం వచ్చినంత పనైంది. సైకిళ్లు, స్కూటర్ల మధ్యలోంచి పెదనాన్న వచ్చాడు. స్నేహితులు మెడలో దండ మీద దండ వేస్తున్నారు. నేను రోడ్డు ఇవతల నుంచి కొబ్బరికాయ లెన్సు ఎక్కుపెట్టి, "పెదనాన్నా, ఇటు చూడు! ఆగు! గడ్డం పైకెత్తు! నవ్వు!" అని అరుస్తున్నాను. ఆయన ఒక్కసారి కూడా తల తిప్పలేదు. పొగరు అనుకున్నాను. నా వెనక హారన్లు మోగుతున్నాయి. నొక్కిన మీట వదలకుండా రెండు వందల ఫొటోలు తీశాను. పెద్దమ్మ ఎదురెళ్లి ఆయన చేతిలోంచి టిఫిన్ క్యారేజీ అందుకునే సమయానికి కెమెరా చిన్నగా కూసి ఆరిపోయింది. ఛార్జింగ్ పెట్టడం గురించి ఆ వీడియోల్లో ఎవరూ చెప్పలేదు మరి.

ఆ రాత్రే కెమెరాకి ఛార్జింగ్ పెట్టి, చుట్టాలందరినీ కూర్చోబెట్టి టీవీకి కెమెరా తగిలించాను. మొదటి ఫొటోలో బంతిపూల దండ రేకు రేకునా తళతళలాడుతోంది. దాని పైన పెదనాన్న మొహం ఉండాల్సిన చోట తెల్లటి పొగ. తరవాత యాభై ఫొటోల్లో సూర్యుడు వెనకనుంచి కొట్టడంతో ఆయన నల్లగా, నిలువుగా ఉన్నాడు. "ఈయన బావగారా, కరెంటు స్తంభమా?" అని ఎవరో గొణిగారు. ఆ తరవాతది వచ్చింది. అందులో ఒక మనిషి అద్భుతంగా, కనురెప్పల వెంట్రుకలతో సహా కనిపిస్తున్నాడు. కానీ ఆయన పెదనాన్న కాదు. వెనకాల స్కూటర్ మీద కూర్చుని తీరిగ్గా వీపు గోక్కుంటున్న ఎవరో అపరిచితుడు.

"ఓలమ్మ! ఎవుడే ఈడు?" అంది మా అమ్మమ్మ. "ఆయన రిటైరైతే ఈడు గోక్కుంతన్నాడేటి?"

గది మొత్తం పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను, ఇంకేం చెయ్యాలో తెలీక. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. చివరి ఫొటో దాకా ఓపిగ్గా చూసి, "ఇంకేటీ నేవా?" అని అడిగి, నేను తల అడ్డంగా ఊపితే, లేచి వంటింట్లోకి వెళ్లి గిన్నెలు సర్దుకుంది. ఒక్క మాట తిట్టి ఉంటే ఎంత బాగుండేది!

మర్నాడు కెమెరా చున్నీ కింద దాచుకుని స్టూడియో మావయ్య దగ్గరికి వెళ్లాను. విజయనగరం మనిషి. ఒకప్పుడు భిలాయిలో సగం పెళ్లిళ్లు ఆయనవే. ఇప్పుడు పాస్‌పోర్ట్ ఫొటోలు, లామినేషన్లు. నన్ను చూస్తూనే, "రావే. నీలం తెర మావయ్యని నానే" అన్నాడు. (మా సందులో మాట మనిషి కన్నా ముందే చేరుకుంటుంది.) ఫొటోలన్నీ చూశాడు. గోక్కునే ఆయన దగ్గర కాసేపు ఆగాడు.

"ఫోకస్ ఎక్కడెట్టినావు?"

"కెమెరాయే పెట్టుకుంటుంది మావయ్యా."

"దానికేటి తెలుసే మీ పెదనాన్నెవులో? ముందు దండ కనపడింది, దండని పట్టుకుంది. కన్ను మీద నువ్వెట్టాలి. రిటైరైంది దండ కాదు గదా!" తరవాత లెన్సు చేత్తో తూచి, "ఇదేటి, ఇంత బరువు?" అన్నాడు.

"దూరంగా ఉన్నవాళ్లు దగ్గరగా కనిపించడానికి."

"కాళ్లున్నాయి గదే నీకు? దగ్గరికెల్లు. ఇంకో మాట. నొక్కీ ముందు నాలుగు మూలలూ ఓపాలి సూసుకో. నీకు అక్కర్నేనోడు కనపడితే, ఆడిని జరగమనకు. నువ్వే రెండడుగులు జరుగు. ఆడి గోకుడు ఆడిది."

ఇక ఏ బటన్లో చెబుతాడని కాగితం, పెన్ను తీశాను. ఆయన కెమెరా తీసుకుని సొరుగులో పెట్టి తాళం వేసేశాడు. "మూడు రోజులు ఇది ముట్టకు. మీ పెదనాన్నని సూడు. ఏ యాళ ఆయన మొగం మీద ఎలుతురు ఎటునుంచి పడతందో, ఆయన ఎప్పుడు ఎలగుంటాడో సూసొచ్చి నాకు సెప్పు."

ఇదేం చదువో అర్థం కాలేదు కానీ వెళ్లి కూర్చున్నాను. ఉద్యోగం లేని మొదటి వారం పెదనాన్న పొద్దున్నే స్నానం చేసి, ఎక్కడికీ వెళ్లక్కర్లేదని గుర్తొచ్చి, వరండాలో పేపరు పట్టుకుని కూర్చునేవాడు. మొదటి రోజు నేను టీ గ్లాసుతో కుడిపక్కన కూర్చుని ఏది మాట్లాడినా పలకలేదు. రెండో రోజు కుర్చీ లేక ఎడమపక్క మెట్టు మీద కూర్చున్నాను. "ఎండ ఎక్కువగా ఉంది కదా పెదనాన్నా" అన్నానో లేదో, తన చిన్నప్పటి ఎండల దగ్గర్నుంచి మొదలుపెట్టి గంటసేపు ఆపలేదు. లోపలికెళ్లి పెద్దమ్మని అడిగాను.

"కుడి సెవి ఎప్పుడో పోయింది గదే, మిల్లు మోతకి. నీకు తెల్దేటి?" అంది.

తెలీదు. ఇరవై ఏళ్లు రెండు గుమ్మాల దూరంలో ఉండి, ఆ మనిషిది పొగరనుకున్నాను. ఆ సాయంత్రం గేటు దగ్గర నేను ఆయన కుడివైపు నిలబడే అరిచాను. మూడో రోజు కూరగాయలమ్మే ఛత్తీస్‌గఢీ దీదీ ఆయన ఎడమపక్కన నిలబడి, "కాకా, ఇంక రోజూ నువ్వే సంచీ పట్టుకుని రావాలి, కాకీకి రిటైర్మెంటు!" అని లోపలున్న పెద్దమ్మని చూపిస్తూ తన హిందీలో ఆటపట్టించింది. పెదనాన్న నవ్వాడు. పై వరసలో ఒక పన్ను లేదు. అందుకని నవ్విన వెంటనే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆ నవ్వు నేను పుట్టాక చూడటం అదే మొదటిసారి.

ఇవన్నీ మావయ్యకి చెప్పాను. ఆయన సొరుగు తెరిచి కెమెరా ఇచ్చాడు. కొబ్బరికాయ పీకేసి, చిన్న లెన్సు బిగించి ఇచ్చాడు. "సాయంత్రం సూర్యుడు గేటు ఎనకాల ఉంటాడు. మరి పొద్దున్న?"

"గేటు మొహం మీద" అన్నాను.

"మరింకేటి? గేటు ఎక్కడికీ పోనేదు. మీ పెదనాన్నా ఎక్కడికీ పోనేదు."

ఆ మాట పెద్దమ్మకి చేరవేశాను. ఆవిడ అప్పటికప్పుడు ఉతికి మడతపెట్టిన యూనిఫాం, హెల్మెట్టు తీసుకొచ్చి పెదనాన్న ఎడమపక్కన నిలబడింది. "రేపు పొద్దున్న మళ్లీ ఓపాలి రిటైరవ్వాలి నువ్వు" అంది.

"మతి పోయిందేటి నీకు? సూసినోలంతా నవ్వుతారు!"

"నవ్వనీ. నువ్వెలగూ నవ్వవు గదా."

మర్నాడు ఏడు దాటాక వెళ్లాం. పెదనాన్న, పెద్దమ్మ, నేను, మెడలో తన చిన్న కెమెరాతో స్టూడియో మావయ్య. డ్యూటీకి వెళ్లేవాళ్ల సైకిళ్లతో, స్కూటర్లతో రోడ్డు కిక్కిరిసి ఉంది. పాసు అప్పగించేశాడు కాబట్టి లోపలికి వెళ్లడానికి లేదు. గేటు బయట సైకిల్ స్టాండు దాకా వెళ్లి, అక్కడినుంచి మా వైపు నడిచి రావాలి. ఆయన తల దించుకుని, నేరం చేసినవాడిలా నడుస్తున్నాడు. సైకిల్ మీద పోతున్న ప్రతివాడూ, "అరే కాకా, ఫిర్ డ్యూటీ?" అని, మళ్లీ డ్యూటీకేనా అన్నట్టు, ఆటపట్టిస్తున్నాడు. ఆయన మొహం క్షణక్షణానికీ గట్టిపడుతోంది. నవ్వమని అరవబోయాను. మావయ్య నా భుజం మీద వేలితో కొట్టి, "నోర్ముయ్యే" అన్నాడు, ఎంతో ప్రేమగా. నోరు మూసుకున్నాను. దగ్గరికి వెళ్లాను. పక్కనున్న బోర్డు ఫొటోలోకి రాకుండా రెండడుగులు జరిగాను. కూర్చున్నాను. ఎండ ఆయన మొహం మీద పడుతోంది. ఆగాను.

అప్పుడు గేటు దగ్గరి సెక్యూరిటీ భయ్యా, ఏళ్ల తరబడి రోజూ ఆయనకి సలాం కొట్టినవాడు, ఎడమపక్కనుంచి వచ్చి రొమ్ము విరుచుకుని చెయ్యి చాచాడు. "ఏ కాకా! పాస్ దిఖావో!"

పెదనాన్న అలవాటుగా జేబులో చెయ్యి పెట్టాడు. పాసు లేదు. జేబులో వేళ్లు అలాగే ఉండిపోయాయి. ఒక్క క్షణం ఆ మొహంలో ఏదో కదిలింది, ఏడుపో ఏమో. అంతలోనే పెద్దమ్మ ఆయన ఎడమపక్కకి వెళ్లి, "నానున్నాను గదా పాసుకి, ఎలిపోదాం రా" అంది. పెదనాన్న పగలబడి నవ్వాడు. చేతుల్లో ఒకటి జేబులో ఉంది, రెండోదాన్ని పెద్దమ్మ పట్టుకుంది. పన్ను సందు దాచుకోవడానికి చెయ్యే మిగల్లేదు. ఒక్కసారి నొక్కాను. ఒక్కసారే.

ఫొటో చూసి పెదనాన్న, "ఇదేటి, నోరంతా ఎల్లబెట్టి!" అని వారం రోజులు పోట్లాడాడు. పెద్దమ్మ ముందుగదిలో తగిలించేసింది. ఇప్పటికీ అక్కడే ఉంది. వచ్చినవాళ్లు దాన్ని చూసి తాము కూడా నవ్వడం మొదలుపెడతారు, ఎందుకో తెలియకుండానే.

నేను ఫొటోగ్రాఫర్ని కాలేదు. భిలాయిలోనే వైశాలి నగర్‌లో ఉంటూ బళ్లో సైన్సు చెప్పుకుంటున్నాను. సెలవుల్లో పిల్లలు తమ ఫోన్లు తెచ్చి, "మేడమ్, ఫొటో బాగా రావాలంటే ఏం చేయాలి?" అని అడిగితే, ముందు దాన్ని జేబులో పెట్టుకోమంటాను. వాళ్లకి నేను పాతకాలం మనిషిలా కనిపిస్తానని తెలుసు. నా వెనక ఒక నీలం తెర కూడా కనిపిస్తుందేమో.

కిందటేడు స్టూడియో మావయ్య దుకాణం మూసేస్తూ కబురు పెట్టాడు. వెళ్తే ఒక కవరు చేతిలో పెట్టి, "నీదే. పెళ్లి సంబంధాలకి పనికిరాదని అప్పుడివ్వనేదు" అన్నాడు. ఆ ఉదయం నా వెనకనుంచి ఆయన తీసిన ఫొటో. గేటు ముందు మట్టిలో గొంతుక్కూర్చున్న ఒక బక్కపలచటి పిల్ల. ఒక కన్ను మూసుకుని, నాలుక పళ్ల మధ్య నొక్కిపెట్టుకుని, లోకంలో అంతకన్నా ముఖ్యమైన పని లేదన్నట్టు ఎదుటి మనుషుల్ని చూస్తోంది. వెనకాల ఆమె చున్నీ ఎవరిదో సైకిల్ చైన్‌లో పూర్తిగా ఇరుక్కుపోయి ఉంది. ఆమెకి ఆ సంగతే తెలీదు. దాన్ని నా బల్ల మీద పెట్టుకున్నాను. ఇన్నేళ్లకి ఆ పిల్లకి చెప్పడానికి నా దగ్గర సలహాలు చాలానే పోగయ్యాయి. కానీ చూసిన ప్రతిసారీ నోటిదాకా వచ్చేది ఒక్కటే: అమ్మడూ, ఫొటో తీసుకో, నిదానంగా తీసుకో. చున్నీ సంగతి తరవాత చూసుకోవచ్చు. ఆ నూనె మరక ఎలాగూ పోదు.