రెండు పెట్టెల లెక్క

మా ఆయన నాగేశ్వరప్రసాద్ గారు రామచంద్రపురంలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పెళ్ళి ఫోటోలు తీస్తున్నారు. అన్నదమ్ములంతా కిరాణా కొట్లలో కూర్చుంటే ఈయనొక్కరే కెమెరా మెడలో వేసుకున్నారు. మనిషి నెమ్మది. పెళ్ళి భోజనాల్లో ఎప్పుడూ ఆఖరి బంతి. ఎవరి పెళ్ళిలో ఎవరలిగారో, ఎవరు లేచిపోయారో అన్నీ తెలుసు గానీ ఒక్క ముక్క ఇంట్లో చెప్పరు. అదే నాకు ఒళ్ళుమంట. చెప్పని మనిషిని నేను నమ్మను, తాళి కట్టిన మనిషైనా సరే.

ఆ ఫోటోలన్నీ మా ముందుగదిలో, బీరువా పక్కన, ఒక నల్లటి పెట్టెలో ఉంటాయి. స్టోరేజీ సర్వర్ అంటారు. లోపల నాలుగు హార్డ్ డిస్కులు. పదేళ్ళ నాటిది, ఈమధ్య మూలగడం మొదలుపెట్టింది. ఒక డిస్కు పోతే సర్దుకుంటుందట, రెండోది కూడా పోతే ఊళ్ళో వాళ్ళ పెళ్ళిళ్ళన్నీ పోయినట్టే. అందుకని కొత్త పెట్టె కొన్నారు. రాజమండ్రి నుంచి దుర్గాశ్రీ అనే అమ్మాయి వచ్చి ఫోటోలు అందులోకి ఎక్కించాలి, పాతది డిస్కులతో సహా ఎక్స్ఛేంజీ కింద పట్టుకెళ్ళాలి. డిస్కులు పూర్తిగా తుడిచే తీసుకెళ్తామని మాటిచ్చింది. తుడవకుండా తీసుకెళ్తే? తుడిచాక ఏదో లోపలే ఉండిపోయిందని తేలితే? ఎటు చూసినా నాకు అనుమానమే.

ఆదివారం సాయంత్రం వచ్చి, వైర్లు కలిపి, కాపీ పెట్టి వెళ్ళింది. సోమవారం పదింటికి స్కూటీ మీద మళ్ళీ వచ్చింది. ఆయన అప్పటికే ద్రాక్షారామంలో పెళ్ళికి వెళ్ళిపోయారు. కాపీ పూర్తయిందని స్క్రీన్ మీద పచ్చగా చూపించి, ఇక పాతది తుడిచేస్తానంది.

"ముందు లెక్క చూపించమ్మా," అన్నాను.

మా నాన్నది మండపేటలో బియ్యం వ్యాపారం. ఒక గొడౌన్ నుంచి ఇంకో గొడౌన్‌కి సరుకు మారుస్తుంటే ఎక్కించే చోట ఒక మనిషిని, దించే చోట ఒక మనిషిని పెట్టేవాడు. ఆ ఇద్దరూ బస్తాల లెక్క ఒకరికొకరు చెప్పుకోకూడదు. రెండు చీటీలూ నాన్న చేతికే రావాలి. అంకెలు కలిస్తేనే పాత గొడౌన్ ఊడ్పించేవాడు. ఆ చీటీల మధ్య పెరిగినదాన్ని, పచ్చరంగు చూసి ఊరుకుంటానా?

దుర్గాశ్రీ నవ్వుతూనే రెండు పెట్టెల్లో ఫైళ్ళెన్నో విడివిడిగా చూపించింది. కొత్తదాన్లో పదకొండువందల నలభై మూడు తక్కువ. అమ్మాయి మొహంలో నవ్వు పోయింది. కాసేపు వెతికి, ఒక ఫోల్డర్‌కి వేరే తాళం ఉందని, తనకిచ్చిన పాస్‌వర్డ్‌తో అది తెరుచుకోక కాపీలో దాటిపోయిందని తేల్చింది. ఆ సంగతి కింద చిన్న అక్షరాల్లో ఉందట, తను చూసుకోలేదని ఒప్పుకుంది. ఫోల్డర్ పేరు 'సామాను'.

నా ఇంట్లో నాకు తెలియని సామాను ఏమిటి? ఆయనకి ఫోన్ చేసి పాస్‌వర్డ్ అడిగాను. వెనక సన్నాయి మోగుతోంది. ఆయన నీళ్ళు నమిలారు.

"నేనొచ్చాక చూసుకుంటాను మీనా. నువ్వు మాత్రం దాన్ని తెరవకు," అని పెట్టేశారు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నన్ను వద్దన్న పని అదొక్కటే. రోజూ పట్టుచీరల మధ్య తిరిగే మనిషి. నా బుర్ర ఎక్కడెక్కడికో పోయింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఏడ్చాను కూడా. దుర్గాశ్రీ మంచినీళ్ళు తెచ్చిచ్చింది. పాత పెట్టె గుమ్మం దాటడానికి వీల్లేదని దానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

మూడింటికి ఆయనొచ్చారు. నా మొహం చూసి తాళం తీశారు.

అన్నీ ముసలి మొహాలు. ఫోటోకి ఒక్కరే. పందిట్లోంచి పక్కకి పిలిచి, గోడ ముందు నిలబెట్టి, తిన్నగా చూడమని తీసినవి. వాటిలో మా ఎదురింటి పాపాయి గారు కనిపించారు. ఆవిడ పెద్దకర్మ నాడు పెట్టిన ఫోటో అదే. ఇప్పటికీ దండతో వాళ్ళ హాల్లో ఉంది. అంత మంచి ఫోటో ఎక్కడ దొరికిందోనని అప్పట్లో వీధంతా చెప్పుకున్నాం.

అప్పటికి నోరు విప్పారు. మనిషి పోగానే ఇంటివాళ్ళు పరుగెత్తుకొచ్చేది ఈయన దగ్గరికేనట. గుంపులోంచి మొహం కత్తిరించి పెద్దది చెయ్యమంటారు. పక్కవాళ్ళ భుజం అడ్డొస్తుంది, కళ్ళు మూసుకుని ఉంటాయి. అందుకని ప్రతి పెళ్ళిలోనూ పెద్దవాళ్ళని విడిగా తీసి దాస్తున్నారు. ఎందుకో చెప్పి తీస్తే శుభమా అని పెళ్ళింట్లో గొడవ. అసలు పేరు రాసి పెడితే ఎవరి కంటనో పడుతుంది. అందుకే 'సామాను', దానికో తాళం. పొద్దున్న నేను సరేనని ఉంటే ఇంతమంది తుడిచిపెట్టుకుపోయేవాళ్ళు.

ఇంకాస్త కిందికి జరిపితే నేను. సామర్లకోటలో మా చెల్లెలి కూతురి పెళ్ళి, నెమలికంఠం రంగు చీర. ఇటు చూడమని ఆయన అంటే మురిసిపోతూ చూశాను.

"నన్నప్పుడే సాగనంపేస్తున్నారా?" అన్నాను.

ఆయన తల దించుకున్నారు. "నా చెయ్యి వణకడం మొదలయ్యాక తీస్తే బాగా రాదు మీనా. ఇంకొకరు తీస్తే నీలా ఉండదు."

ఆయన మొహం కోసం మొదటి నుంచీ చివరిదాకా వెతికాను. లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఈ మనిషిని ఇటు చూడమన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

దుర్గాశ్రీ ఆ ఫోల్డర్ కూడా కొత్తదాన్లోకి ఎక్కించింది. అక్కడా పదకొండువందల నలభై మూడు, ఇక్కడా అంతే. అయినా పాత పెట్టె ఇంకో నెల మా ఇంట్లోనే ఉంటుందని చెప్పేశాను. తర్వాత కెమెరా తీసుకుని ఆయన్ని వరండా గోడ దగ్గరికి లాక్కెళ్ళాను. వెలుతురు అటు కాదు, ఇటు అని ఏదో చెప్పబోతే నోరు మూసుకుని నావైపు చూడమన్నాను. చూశారు. నా చేతులే వణికాయి. మూడోసారికి బాగా వచ్చింది.

దాన్ని కొత్త పెట్టెలో 'సామాను'లోనే వేసి, దుర్గాశ్రీ అడక్కుండానే లెక్క చూపించింది. పాతదాన్లో పదకొండువందల నలభై మూడు, కొత్తదాన్లో పదకొండువందల నలభై నాలుగు. ఒకటి తేడా. నేనేమీ అడగలేదు.