తోమాసు నెత్తిన వేసిన ఇంజను

ఆదిలాబాద్ పెద్దాసుపత్రి గేటుకు ఎదురుగా ప్రైవేటు అంబులెన్సులు ఆగే అడ్డాలో తోమాసును ఎరగనివాళ్ళు లేరు. చాలా ఏళ్ళుగా అక్కడే డ్రైవరు. మాట తక్కువ. రోగిని ఎక్కించేటప్పుడు స్ట్రెచరు తలవైపు ఎప్పుడూ తనే పట్టుకునేవాడు. ఇంకెవరికైనా వదిలితే తల ఎటైనా వాలిపోతుందని భయం. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాకే బండి తీస్తానని ఓనరుతో ముందే మాట్లాడుకున్నాడు గానీ, ఆ మాట నిలబడిన ఆదివారాలు కొన్నే. భార్య రిబ్కమ్మ మిషన్ బడిలో ఆయా.

ఓనరు సంపత్ వయసులో తోమాసుకంటే చిన్నవాడు. మందుల దుకాణం నడుపుతూ, దానికి తోడుగా అంబులెన్సు పెట్టాడు. తోమాసును 'అన్నా' అంటాడు, తోమాసు అతన్ని 'సేటూ' అంటాడు.

ఆ ఏడు సంపత్ కొత్త బండి కొన్నాడు. ఇంజనుకు కంపెనీ వారంటీ ఉంది. కానీ అడ్డాలో అన్నీ కొత్త బండ్లే, దీనికంటూ ప్రత్యేకత లేదు. నాగపూర్ తీసుకెళ్ళాల్సిన కేసు వస్తే డ్రైవర్లు రోగి బంధువుల చుట్టూ మూగి, మా బండి ముందు చేరుస్తుందంటే మా బండి ముందు చేరుస్తుందని గుంజులాడుకునేవారు. లోపల మనిషి ఊపిరి ఎగబోస్తుంటే బయట బేరం జరిగేది. తోమాసు ఆ గుంపులోకి వెళ్ళేవాడు కాదు. సంపత్ మాత్రం దుకాణం వదిలి వచ్చి మరీ నిలబడేవాడు.

బండికి ఇంకా జోరు కావాలని సంపత్‌కు పట్టుకుంది. దారి చూపించినవాడు బండి కొన్న షోరూములోని సర్వీసు మేనేజరు ప్రేమ్‌సాగర్. కరీంనగర్ బైపాస్ మీద ఇంజన్లు ట్యూనింగ్ చేసే దుకాణం ఉందని చెప్పి, తనే వాళ్ళకు ఫోన్ చేశాడు. తోమాసే బండి నడుపుకుంటూ తీసుకెళ్ళాడు. వాళ్ళు ఇంజను వైర్ల మధ్య అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దదైన నల్ల డబ్బా ఒకటి కలిపారు. దాంతో ఇంజనుకు లెక్కకు మించి డీజిల్ వెళుతుంది. సైలెన్సరులో పొగను వడగట్టే జాలీని కూడా కోసి తీసేశారు.

వారంటీ పోదా అని తోమాసు ప్రేమ్‌సాగర్‌ను అడిగాడు. అతను నవ్వాడు.

"సర్వీసుకు తెచ్చే ముంగట గా డబ్బా పీకి పక్కకు పెట్టుండ్రి. ఎవరికి తెలుస్తది?"

బండి నిజంగానే ఎగిరి దూకింది. మొదట్లో తోమాసుకూ ముచ్చటేసింది. రెండు నెలలు తిరిగేసరికి వెనక నల్లటి పొగ మొదలైంది. రోడ్డు ఎత్తు ఎక్కాల్సి వస్తే ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత దాకా పోయేది. డబ్బా తీయిద్దామని తోమాసు రెండుసార్లు చెప్పాడు. కిరాయిలు బాగా వస్తున్నాయి కదా, జర ఓపిక పట్టమన్నాడు సంపత్.

మే నెలలో ఒక మధ్యాహ్నం జైనథ్ దిక్కు నుంచి లింగవ్వ అనే పెద్దామెను తెచ్చారు. పక్షవాతం. మూతి వంకరపోయింది, కుడిచెయ్యి వేలాడుతోంది. ఆలస్యం చేయకుండా నాగపూర్ తీసుకెళ్ళమన్నారు డాక్టర్లు. వెంట కూతురు శ్యామల ఒక్కతే. మిగతావాళ్ళకంటే ముందు చేరుస్తామని ఆమెకు చెప్పి కేసు పట్టినవాడు సంపతే.

పెన్‌గంగ వంతెన దాటి మహారాష్ట్రలోకి వెళ్ళారు. పాండర్‌కవడ ఇంకా చాలా దూరం ఉండగా ఇంజనులో టకటకమని చప్పుడు, ఆ వెంటనే అద్దంలో రోడ్డు కనబడనంత పొగ. బండి పక్కకు తీసేలోపే ఇంజను ఆగిపోయింది. మళ్ళీ తిప్పితే కదల్లేదు. ఏసీ పోయింది. ఆక్సిజన్ సిలిండరు ఒక్కటే పనిచేస్తోంది. తోమాసు సంపత్‌కు ఫోన్ చేశాడు.

"ఎవరన్న బానెట్ లేపిండ్రా?" అన్నది సంపత్ అడిగిన మొదటి మాట.

"లేదు సేటూ. పేషెంటుకు..."

"ఇంకో బండి పంపుత. కంపెనీ మనుషులు వచ్చేలోపల గా డబ్బా పీకెయ్యి. ముందు గది చెయ్యి తోమాసన్నా."

ఎన్నో ఏళ్ళుగా చెప్పింది చేయడం అలవాటైన మనిషి. తోమాసు బానెట్ లేపాడు. డబ్బా సలసల కాగుతున్న పైపుల వెనక ఉంది. వేళ్ళు కాలాయి. గుడ్డ చుట్టుకుని మళ్ళీ చెయ్యి పెట్టాడు. అతను వైర్లతో పెనుగులాడుతున్నంతసేపూ శ్యామల రోడ్డు మధ్యలో నిలబడి, వచ్చే ప్రతి బండికీ కొంగు ఊపుతోంది. సంపత్ పంపుతానన్న బండి జాడ లేదు. చివరికి ఒక మరాఠీ రైతు జీపు ఆపాడు. "కాయ్ ఝాలం?" ఏమైందని అడుగుతూ దిగి, చూసి, ఇంకేమీ అడగకుండా తన మనుషులతో స్ట్రెచరు దింపించాడు. డబ్బా చేతికి వచ్చి తోమాసు వెనక్కి తిరిగేసరికి లింగవ్వ జీపులో ఉంది. ఆమె తల ఎవరి ఒళ్ళోనో ఉంది. శ్యామల ఒకసారి అతని చేతిలోని డబ్బా వైపు చూసింది. జీపు వెళ్ళిపోయింది.

లింగవ్వ బతికింది. పాండర్‌కవడలో వేరే అంబులెన్సు దొరికి నాగపూర్ చేరారని మర్నాడు తెలిసింది. ఆ సంగతి చెప్పింది అడ్డాలోని వేరే డ్రైవరు. సంపత్‌కు తెలియదు, అడగలేదు కూడా.

షోరూములో ఇంజను విప్పారు. పిస్టను కరిగి బొక్కపడింది. డబ్బా పీకినా లాభం లేకపోయింది. అన్నాళ్ళూ ఇంజనులో పెరిగిన పీడనం అంకెలన్నీ బండిలోని కంప్యూటరు దాచుకుని ఉంది. డబ్బా తీసిపెడితే ఎవరికీ తెలియదన్న ప్రేమ్‌సాగరే ఇప్పుడు ఆ అంకెలు చూపించి, ట్యూనింగ్ చేసిన ఇంజనుకు వారంటీ వర్తించదని కంపెనీ నిబంధన చదివి వినిపించాడు. కరీంనగర్ దుకాణంవాడు ఫోనెత్తడం మానేశాడు. చివరికి ప్రేమ్‌సాగరే ఇంకో ఉపాయం చెప్పాడు. ఓనరుకు తెలియకుండా డ్రైవరు చేసిన పనైతే కంపెనీ దయతలచి సగం భరించవచ్చు. హైదరాబాద్ నుంచి వాళ్ళ ఇంజనీరు వస్తున్నాడు, ఆయన ముందు డ్రైవరు ఒప్పుకుంటే చాలు.

సంపత్ తోమాసును హోటలుకు తీసుకెళ్ళి చాయ్ తెప్పించాడు. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి.

"అన్నా, ఒక్క మాట. నేనే పెట్టిచ్చిన, సేటుకు తెల్వదు, అను. నీ నౌకరి యాడికి పోదు, నాది జిమ్మ."

తోమాసు గ్లాసు మీద మీగడ కట్టిన చాయ్‌ని అలాగే వదిలేసి లేచాడు. ఆ మాట అడిగినందుకు కాదు, అంత మెత్తగా, భుజం మీద చెయ్యి వేసి అడిగినందుకు రోత పుట్టింది.

ఇంటికి వచ్చి రిబ్కమ్మకు అంతా చెప్పాడు. కంపెనీ ఎంత భరిస్తుంది, సంపత్ ఎంత భరిస్తాడు, ఆ గొడవంతా విని ఆమె ఒకటే అడిగింది.

"గా అవ్వ ఎట్లున్నదట?"

లింగవ్వను ఊరికి తెచ్చారని తోమాసు వాకబు చేసి తెలుసుకుని, నాలుగు అరటిపళ్ళు పట్టుకుని జైనథ్ దగ్గరి వాళ్ళ పల్లెకు వెళ్ళాడు. ఆమె మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. కుడిచెయ్యి రాలేదు. మాట వస్తోంది గానీ ముద్దముద్దగా ఉంది. అతను ఎవరో ఆమెకు తెలియలేదు. శ్యామలకు తెలుసు. కూర్చోమంది, నీళ్ళిచ్చింది. ఆలస్యం వల్లనే చెయ్యి పోయిందా అని అతను అడగలేక అడిగితే, డాక్టర్లు ఏదీ ఖాయంగా చెప్పలేదంది. తర్వాత నెమ్మదిగా అంది:

"మా అవ్వ లోపల గుక్కపడుతుంటె నువ్వు ఇంజనుల చెయ్యి పెట్టి ఏదో పీకవడితివి. నేను చూసిన. గది బండి బాగుచేస్తందుకు అనుకున్న అన్నా. కాదట గద, అడ్డాల చెప్పిండ్రు."

తోమాసు తిరిగి వస్తూ బస్సులో కూర్చుని తన చేతులు చూసుకున్నాడు. కాలిన వేళ్ళ మీద తోలు ఊడుతోంది. సంపత్ మీదకంటే ప్రేమ్‌సాగర్ మీదకంటే, ఆ చేతుల మీదే ఎక్కువ అసహ్యం కలిగింది.

ఇంజనీరు వచ్చిన రోజు అందరూ షోరూము వెనక షెడ్డులో నిలబడ్డారు. ఇంజను ముక్కలు ముక్కలుగా బల్ల మీద ఉంది. సంపత్ తనకేమీ తెలియదని చెప్పి, తోమాసు వైపు చూశాడు.

"డబ్బా పెట్టిచ్చింది సేటు," అన్నాడు తోమాసు. "దుకాణం చూపెట్టింది గీ మేనేజర్ సార్. బండి నడుపుకపోయింది నేను. పేషెంటు లోపలుండంగ దాన్ని పీకింది గూడ నేనే."

ఇంజనీరు ఫోన్ నుంచి తలెత్తి, ఎవరు పెట్టించినా తనకు ఒకటేనని, క్లెయిమ్ నిన్ననే తిరస్కరించామని, తను ఫోటోల కోసం వచ్చానని చెప్పాడు. ఫోటోలు తీసుకుని భోజనానికి వెళ్ళాడు. దారి చూపించడానికి ప్రేమ్‌సాగర్ ఆయన వెంట నడిచాడు. లింగవ్వ పేరు ఎవరి నోటా రాలేదు.

తోమాసు బండి తాళాలు బల్ల మీద పెట్టాడు. అతను పెట్టకపోయినా సంపత్ అడిగేవాడే.

కొత్త ఇంజను ఖర్చు సంపతే భరించాడు. భరించాడంటే, నాగపూర్ కిరాయి పెంచాడు. మంచం పట్టి అర్జంటుగా వచ్చినవాళ్ళు బేరమాడరు కదా. తోమాసు ఇప్పుడు ఒక జిన్నింగు మిల్లులో పత్తి గింజల లారీ నడుపుతున్నాడు. జీతం తక్కువ. ఆదివారాలు చర్చికి వెళ్ళగలుగుతున్నాడు. శ్యామల తల్లిని పరీక్షలకు తెచ్చినప్పుడు రిబ్కమ్మ వాళ్ళకు అన్నం పెట్టి పంపిస్తుంది. తోమాసు ఆ పూట ఇంట్లో ఉండకుండా చూసుకుంటాడు.

మొన్నామధ్య అంబులెన్సు కొత్త డ్రైవరు అతన్ని వెతుక్కుంటూ మిల్లుకు వచ్చాడు. బండి వెనక నల్లపొగ వస్తోందట, ఏం చేయాలో చెప్పమన్నాడు. మళ్ళీ డబ్బా పెట్టించారేమో చూడు, ఉంటే ఆ బండి ఎక్కకు, అన్నాడు తోమాసు.

ఆ మనిషి ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు.

"గదేందన్నా? డబ్బా పెట్టిచ్చి మొదటి ఇంజను ఖరాబు చేసింది నువ్వేనట గద. అడ్డాల అందరు గదే అంటుండ్రు."

తోమాసు అతనికి జరిగిందంతా మొదటినుంచీ చెప్పాడు. అతను నమ్మాడో లేదో తెలియలేదు. కిరాయి వచ్చిందని ఫోన్ మోగితే, సగంలోనే లేచి పరుగెత్తాడు.