నిచ్చెనెక్కి టీవీ చూసిన టైలర్ బాబాయ్

మా టైలర్ బాబాయ్‌ని అందరూ పిసినారి అంటున్నారట. శుద్ధ తప్పు. ఆయన రోగం వేరు. ఏ వస్తువైనా పోల్చి చూడందే కొనడు, పోల్చడం మొదలెడితే ఆపడు. ఒక్క టీవీ కొనడానికి ఐదు నెలలు పట్టింది. నేను వ్యాన్ నడిపేవాణ్ని కదా, కొన్నది మోసుకురావడానికని ప్రతి ఆదివారం నన్ను షాపుకి లాక్కెళ్లేవాడు. ఐదు నెలలూ మేం మోసుకొచ్చింది మేనేజర్ శాపనార్థాలే.

షాపులో గోడ నిండా ఎల్సీడీ టీవీలు. పది కంపెనీలు, అన్నింట్లోనూ ఒకటే చిలక, మూలన చిన్న అంకెల్లో టైము. మీరూ నేనూ అయితే చిలకను చూస్తాం. బాబాయ్ జేబులోంచి గుడ్డముక్కలు తీసి తెర పక్కన పెట్టేవాడు.

"దీన్ని నలుపంటారటయ్యా? బూడిద! ఆ రెండో కంపెనీవాడి ఎరుపు చూడు, ఒక్క ఉతుకుకే దిగిపోయే సరుకు."

"హై డెఫినిషన్ సార్. ఈకలు లెక్కపెట్టుకోవచ్చు," అనేవాడు మేనేజర్ పళ్లన్నీ చూపిస్తూ.

"ఈకలు నాకెందుకయ్యా? ఆ మూల అంకెలు కనబడాలి."

అక్కడితో ఊరుకుంటే ఆయన బాబాయ్ ఎందుకవుతాడు? మెడలో వేలాడే టేపు తీసి టీవీ నుంచి గుమ్మం వైపు కొలిచేవాడు. ఇరవై రెండడుగులు. సరిగ్గా అక్కడ నిచ్చెన వేయించి, పైకెక్కి, ఏటవాలుగా కిందికి చూసేవాడు.

"సార్, టీవీని ఎదురుగా కూర్చుని చూడాలండీ. ఏ ఇంట్లోనైనా నిచ్చెనెక్కి చూస్తారా?"

"పైనుంచి చూస్తే నీ చిలక్కి సున్నం కొట్టినట్టుంది. తర్వాతది పెట్టు."

విసిగిపోయి మేనేజర్ నిచ్చెన దాచేశాడు. మరుసటి ఆదివారం బాబాయ్ సొంత నిచ్చెన తెచ్చుకున్నాడు. పోన్లే, నా వ్యాన్‌కి ఆ మాత్రం పనైనా దొరికింది.

ఇంట్లో పాత టీవీ పొగలు కక్కి ఎప్పుడో చచ్చింది. చివరికి పిన్ని పెట్టె సర్దుకుంది.

"ఈ ఆదివారం టీవీ తెస్తావా, నన్ను మా అక్క ఇంటికి పొమ్మంటావా?"

"మీ అక్కది ఏ కంపెనీ?" అన్నాడు ఈ మహానుభావుడు.

పిన్ని చూసిన చూపుకి నేనే వ్యాన్‌లోకి పారిపోయాను.

ఆ ఆదివారం నిచ్చెన మీద నుంచి ఒక్క కేక వినబడింది. "ఇదే! రంగు చావలేదు, అంకెలు కనబడుతున్నాయి!" షాపువాళ్లంతా చప్పట్లు కొట్టారు. మేనేజరైతే కళ్లొత్తుకున్నాడు.

ఇంటికొచ్చాక టీవీని వీధి కిటికీకి ఎదురుగోడన బిగింపించి, కిటికీకున్న కర్టెన్ పీకేశాడు.

"వీధి వీధంతా మనింట్లోకి చూస్తుంది. బుద్ధుందా?" అని లేచింది పిన్ని.

"చూడనీవే."

మ్యాచ్ పెట్టాడో లేదో, ఎదురింటి మేడ మీద నుంచి గర్జన.

"స్కోరుకి అడ్డం తప్పుకోరా, కత్తెరోడా!"

ఆయన రిటైరైన బస్సు డ్రైవర్. సూటు చేతులు పొట్టిగా కుట్టాడని తొమ్మిదేళ్లుగా బాబాయ్‌తో మాటల్లేవు. ఆర్నెల్ల కింద తుంటి విరిగి మంచాన పడ్డాడు. ఆ మంచానికి ఒక కిటికీ, కిటికీకి మా బాబాయ్ ఇల్లు, అంతే కాలక్షేపం.

"టీవీ కొనిస్తే పుచ్చుకునే రకమా వాడు? నా నెత్తినే విసిరికొడతాడు," అని నా చెవిలో గొణిగాడు బాబాయ్. ఇరవై రెండడుగులు ఆ మంచానికీ ఈ గోడకీ మధ్య దూరమనీ, నిచ్చెన ఎత్తు ఆ మేడ ఎత్తేననీ నా మట్టిబుర్రకి అప్పుడు ఎక్కింది.

పిన్ని మేడ వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. లోపలికెళ్లి పెట్టె విప్పి చీరలు బీరువాలో పెట్టేసింది. తిరిగొచ్చి, "సౌండ్ పెంచు, ఆయనకి వినబడొద్దూ," అంది.

ఇప్పుడు ఆ ఇంట్లో ఏ ఛానల్ పెట్టాలన్నా పైనుంచి ఆర్డర్ రావాల్సిందే. కిటికీకి అడ్డం రాకుండా బాబాయ్ గోడవార ముడుచుకుని, మెడ వంకర పెట్టి సొంత టీవీ చూసుకుంటున్నాడు. మీలో ఎవరైనా అటు వెళ్తే, ఒకసారి లోపలికెళ్లి ఆయన మెడ ఎలా ఉందో కనుక్కోండి. కిటికీ ముందు మాత్రం నిలబడకండి, తిట్లు మేడ మీద నుంచి పడతాయి.