మూరెడు బండ

పక్కింటి గోడకు సున్నం కొడుతున్నారు. ఆ తడి సున్నం ఘాటు కిటికీలోంచి రాగానే నా నోట్లో మేం ఓళిగ అనే బెల్లం బొబ్బట్టు రుచి తగులుతుంది. రెండింటికీ ఏం సంబంధమని మా ఆయన ఇప్పటికీ నవ్వుతాడు.

గోరంట్లకు ఇవతల, మా చెనిక్కాయ, అదే వేరుశనగ, చేను మూలలో తొమ్మిది సమాధి బండలు ఉండేవి. మా వాళ్లు పూడుస్తారు, కాల్చరు. బండల మీద అక్షరం ముక్క లేదు. కరువులో బతికినవాళ్లకు చెక్కించే ఓపిక ఎక్కడిది? పెద్దల అమావాస్యనాడు, వాన రాక వాడిపోయిన చెట్ల మధ్య సున్నం కుండతో మా జేజి, అంటే నాయన తల్లి, ముందు నడిస్తే, ఓళిగలు, బొరుగుల ఉగ్గాని, కొర్రన్నం, ఉడికించిన కాయలు గంపల్లో మోసుకుంటూ పిల్లలం వెనక నడిచేవాళ్లం. బండలకు సున్నం పూసి, ఎవరికి ఇష్టమైనది వాళ్లకు పెట్టేది. ఓళిగల తాత, బీడీల తాత, ఉగ్గాని అవ్వ: మాకు తెలిసిన పేర్లు అవే. కాకి ముట్టాక మిగిలినదంతా మాదే కాబట్టి, పోయినవాళ్లందరిలోకీ ఓళిగల తాతంటే మాకు మహా ప్రేమ.

చివరి బండ మూరెడే. దాని మీద జేజి అన్నీ చిటికెడు చిటికెడు పెట్టేది. ఒక ఏడు ఆకలికి ఆగలేక, కాకి రాకముందే అది నేను తినేశాను. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు.

"తిన్లే. అది మీ అత్త. పేరు పెట్టకముందే పోయినాది. దానికి ఏమిష్టమో నాకేం తెలుసు? అందుకే అన్నీ పెడతాండా," అంది.

మాలో బిడ్డ చెవిలో పేరు చెప్పాల్సింది మేనత్త. నాయనకు వేరే అక్కచెల్లెళ్లు లేరు. నా చెవిలో వరుసకు అత్తయ్యే ఎవరో చెప్పారట.

నిరుడు చేను మీదుగా రోడ్డు పడింది. జేజి, నాయన కూడా అప్పటికి ఆ మూలకే చేరారు. ఎముకలు తీసి ఊరి శ్మశానంలో పూడుస్తామని, పేర్లు చెప్పమని రోడ్డువాళ్లు వచ్చారు. పెద్దవాళ్ల పేర్లు పాత పట్టాల్లో వెతికి పట్టుకున్నాను.

"ఆ చిన్నది ఎవరిదక్కా? పేరు లేకుంటే లిస్టులో ఎక్కదు. ఈడనే ఉండిపోతుంది, రోడ్డు కింద," అన్నాడు రాసుకునే అతను.

"ఓబులమ్మ," అన్నాను.

తర్వాత కాగితం కింద నా సంతకం చూసి, నా మొహం చూశాడు. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

ఇప్పుడు శ్మశానంలో నా పేరు చెక్కిన మూరెడు బండ ఉంది. మొన్న పెద్దల అమావాస్యకు సున్నం పూసి, అన్నీ చిటికెడు చిటికెడు పెట్టాను. చేను లేదు, గంపలు మోసే పిల్లలు లేరు. చాలాసేపు కూర్చున్నా ఒక్క కాకి కూడా రాలేదు. ఇక నేనే తిన్నాను.